నల్లపువ్వు కోసం మూడేళ్లు

మొదటి మొక్క కుళ్లిన వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది. కుండీలో వేళ్లు పెట్టి మట్టి పక్కకి తోస్తే దుంప జావలా చేతికి అంటుకుంది. అంతకు నాలుగు రోజుల ముందు దాకా ఆకులు పచ్చగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. అందుకే నేను రోజూ హాయిగా నీళ్లు పోస్తూ వచ్చాను.

అది బ్యాట్ ఫ్లవర్ మొక్క. శాస్త్రీయ నామం టాకా చాంట్రియరి. ఆగ్నేయాసియా, దక్షిణ చైనా అడవుల్లో పెద్ద చెట్ల నీడన పెరుగుతుంది. పెండలం కుటుంబానికి చెందినదంటే నేను మొదట నమ్మలేదు, ఎందుకంటే పువ్వు చూస్తే ఎవరికైనా గబ్బిలమే గుర్తొస్తుంది. ముదురు వంకాయ రంగు బాగా చిక్కబడి నలుపైపోయినట్టు ఉంటుంది. పైన రెండు వెడల్పాటి రెక్కలు, కింద పొడవాటి మీసాలు. ఒక్కో మీసం జానెడు దాటి సాగుతుంది. ఎవరో పంపిన ఫొటోలో దాన్ని చూసిన రోజు, నిజంగా ఇలాంటి పువ్వు ఉంటుందా, కంప్యూటర్‌లో రంగు మార్చారా అని గంటసేపు వెతికాను. ఉంటుందని తేలాక ఇంక ఆగలేకపోయాను.

కొరియర్‌లో ఒక దుంప, దానికి రెండు ఆకులు వచ్చాయి. మామూలు తోటమట్టి నింపిన లోతైన కుండీలో నాటాను. కిటికీ పక్కన బాగా ఎండ పడేచోట పెట్టాను. రెయిన్‌ఫారెస్ట్ మొక్క అని చదివాను కదా, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్లు. నిజానికి ఆ మాటలో నాకు రెయిన్ ఒక్కటే వినిపించింది, ఫారెస్ట్ వినిపించలేదు.

ఆ అడవిలో వాన కుండపోతగా పడుతుంది, నిజమే. కానీ ఈ మొక్క వేళ్లు ఉండేది బంకమట్టిలో కాదు. రాలిన ఆకులు, చివికిన బెరడు ముక్కలు పేరుకున్న పొరలో. అక్కడ నీళ్లు పడతాయి, జారిపోతాయి, వెనకే గాలి వస్తుంది. నా కుండీలో నీళ్లు పడ్డాక ఎక్కడికీ పోలేదు. గాలి ఆడని తడిలో వేళ్లు చచ్చిపోయాయి, దుంప కుళ్లిపోయింది. ఆకుల్లో ఉన్న నీటితో అవి ఇంకొన్నాళ్లు పచ్చగా నటించాయి, అంతే.

చాలా ఏళ్లుగా ఆర్కిడ్లు పెంచుతున్న ఒక పెద్దాయనతో ఈ సంగతి చెప్పుకున్నాను. ఎరువు ఏం వేశారు, ఎండ ఎంత అని అడుగుతారనుకున్నాను.

"కుండీ ఎత్తి చూశారా అమ్మా?" అన్నారు.

"ఎందుకండీ?"

"నీళ్లు పోశాక ఒకసారి ఎత్తండి. మర్నాడు ఎత్తండి. నాలుగో రోజు ఎత్తండి. బరువు మీ చేతికి తెలిశాక అప్పుడు నీళ్ల డబ్బా పట్టుకోండి."

ఇంతేనా అనిపించింది. ఖరీదైన మందు ఏదైనా చెప్తారని ఎదురుచూసినదాన్ని, కాస్త నిరాశగానే వచ్చేశాను. తర్వాతి మూడేళ్లలో నేను నేర్చుకున్నదాంట్లో సగం ఆ ఎత్తి చూడటమే.

రెండోసారి విత్తనాలతో మొదలుపెట్టాను. ఇక్కడ ఒక మాట. ఆన్‌లైన్‌లో నీలం బ్యాట్ ఫ్లవర్, ఎర్ర బ్యాట్ ఫ్లవర్, ఏడు రంగుల బ్యాట్ ఫ్లవర్ విత్తనాలని ఫొటోలు పెట్టి అమ్ముతుంటారు. ఆ రంగులు మొక్క ఇచ్చినవి కావు, ఫొటో దిద్దినవాళ్లు ఇచ్చినవి. తెల్ల రెక్కలది మాత్రం నిజంగానే ఉంది. అది టాకా ఇంటిగ్రిఫోలియా అనే వేరే జాతి, తెల్లటి రెక్కల మీద ఊదా రంగు ఈనెలు ఉంటాయి. నేను కూడా ఒకసారి నీలం రంగుకి ఆశపడి పొట్లం తెప్పించుకున్నాను. అందులోంచి మొలిచింది ఏదో గడ్డి.

అసలు విత్తనాలైనా తాజాగా ఉంటేనే పని జరుగుతుంది. ఇరవై గింజలు దొరికాయి. ఒక రోజంతా గోరువెచ్చని నీళ్లలో నానబెట్టాను. నీళ్లు చల్లారినప్పుడల్లా మార్చాను. తడిపి పిండిన కోకోపీట్‌లో (కొబ్బరిపీచు పొడి) పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) కలిపి, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పరిచి, పైన గింజలు పెట్టి పల్చగా కప్పాను. మొలవాలంటే అడుగు నుంచి 27 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం కావాలి. దానికోసం హీటింగ్ మ్యాట్లు అమ్ముతారు. నా దగ్గర వైఫై రౌటర్ ఉంది. రాత్రీ పగలూ వెచ్చగా ఉండే వస్తువు ఇంట్లో అదొక్కటే, కాబట్టి డబ్బా దాని పక్కనే, ఆనీ ఆననట్టు పెట్టాను. గాలి ఆడే కంతలు మూయకుండా, నీటి చుక్క కూడా దాని మీద పడకుండా చూసుకోవాలనుకోండి. ఇంట్లో నెట్ నెమ్మదించినప్పుడల్లా నింద నా గింజల మీద పడేది.

ఒక నెల. ఏమీ లేదు. రెండు నెలలు. ఒక మూల తెల్లటి బూజు. బూజు పట్టిన చోట చెంచాతో తీసేసి, రోజుకి పది నిమిషాలు మూత తెరిచి గాలి ఆడనిచ్చాను. ఈ విత్తనాలు ఒక్కోసారి నెలలో మొలుస్తాయి, ఒక్కోసారి తొమ్మిది నెలలు కూడా తీసుకుంటాయి. అది ముందే చదివి ఉన్నాను కాబట్టి డబ్బా పారేయలేదు. అయినా ఏదో ఒక గింజని తవ్వి చూడాలన్న దురద మాత్రం ఆపుకోలేకపోయాను. తవ్విన మూడు గింజలూ మొలవలేదు, అది వేరే సంగతి.

డెబ్బై ఒకటో రోజున అగ్గిపుల్ల తల అంత పచ్చ చుక్క కనిపించింది. ఆ తర్వాత ఐదో నెల దాకా ఒక్కొక్కటే వచ్చాయి. మొత్తం ఆరు. వాటిలో మూడు, కాండం మట్టిని తాకేచోట నల్లబడి పక్కకి ఒరిగిపోయాయి. నారుకుళ్లు. మూత తీయడం ఆలస్యం చేసిన తప్పు నాదే. మిగిలిన మూడింటిలో ఒకదాన్ని ఒక్క రాత్రిలో నత్త తినేసింది. ఆకు లేదు, కాడ లేదు, డబ్బా అంచు మీద వెండిగీతలా మెరిసే జిగురు మాత్రం ఉంది. లేత బ్యాట్ ఫ్లవర్ ఆకులంటే నత్తలకి అంత ఇష్టమని నాకు అప్పుడే తెలిసింది. ఆ తర్వాత చాలా రోజులు రాత్రి పడుకునే ముందు టార్చిలైటు పట్టుకుని తిరిగేదాన్ని. దొరికినవాటిని తీసి దూరంగా వదిలి రావడం తప్ప ఇంకేం చేయలేదు.

రెండు మొక్కలు మిగిలాయి. ఈసారి తోటమట్టి జోలికి పోలేదు. సగం పాళ్లు ఆర్కిడ్లకి వాడే బెరడు ముక్కలు, మిగతా సగం కోకోపీట్, పెర్లైట్, కాస్త బొగ్గు ముక్కలు, గుప్పెడు ఆకు ఎరువు. నీళ్లు పోస్తే పోసినంత వేగంగా అడుగు కంతల్లోంచి కారిపోవాలి. లోతైన కుండీ మానేసి వెడల్పాటి, లోతు తక్కువ కుండీ తీసుకున్నాను, దుంప అడ్డంగా పాకుతుంది కాబట్టి. ఎండ అసలు సోకని, వెలుతురు మాత్రం బాగా వచ్చే మూలకి మార్చాను. పుస్తకం చదువుకోవడానికి సరిపోయే వెలుగు, కానీ చెయ్యి పెడితే గోడ మీద గట్టి నీడ పడకూడదు. నేను పెట్టుకున్న లెక్క ఇదే. లైట్ మీటర్ కొనలేదు.

ఇక ఎత్తి చూడటం. మొదటి వారం ఏమీ అర్థం కాలేదు. వంటింటి త్రాసు తెచ్చి తూచాను కూడా. నీళ్లు పోసిన వెంటనే ఒక లెక్క, మూడు రోజులకి ఇంకో లెక్క. రెండు మూడు వారాలు పోయాక త్రాసు అక్కర్లేకపోయింది. కుండీ అంచు పట్టుకుని రెండంగుళాలు లేపితే తెలిసిపోయేది. తేలిగ్గా ఉంటే నీళ్లు, లేకపోతే లేదు. వేడి రోజుల్లో రెండు రోజులకోసారి, చల్లటి రోజుల్లో వారం దాటినా అడిగేది కాదు. "రోజు విడిచి రోజు పోయండి" అని సలహా ఇచ్చేవాళ్లని చూస్తే ఇప్పుడు నాకు నవ్వొస్తుంది. మొక్కకి క్యాలెండర్ తెలియదు కదా.

నీళ్ల విషయంలో ఇంకో సంగతి కూడా ఉంది. ఆరు నెలల మొక్కకి ఆకు కొసలు గోధుమరంగుకి తిరిగి ఎండిపోవడం మొదలైంది. గాలిలో తేమ చాలడం లేదనుకుని స్ప్రే బాటిల్‌తో రోజూ చల్లాను. ఆకుల మీద తెల్లటి మచ్చలు కూడా వచ్చాయి. మచ్చలు చూశాక గానీ బుర్ర వెలగలేదు. అవి కుళాయి నీళ్లలోని ఉప్పులు. ఆకు మీద కనిపిస్తున్నాయంటే మట్టిలో కూడా పేరుకుంటున్నట్టే. వాననీళ్లు పట్టి వాడటం మొదలుపెట్టాను. వానలు లేనప్పుడు ఫిల్టర్ నీళ్లు. కొత్తగా వచ్చిన ఆకుల కొసలు శుభ్రంగా ఉన్నాయి. తేమ కోసం స్ప్రే మానేసి, గులకరాళ్లు, నీళ్లు ఉన్న పళ్లెం మీద కుండీ పెట్టాను. కుండీ అడుగు నీళ్లకి తగలకూడదు, రాళ్ల మీదే నిలబడాలి. దానికంటే బాగా పనిచేసింది నాలుగైదు మొక్కల్ని దగ్గర దగ్గరగా పెట్టడం. ఒకదాని ఆకుల్లోంచి వచ్చే తేమ ఇంకోదానికి పనికొస్తుంది.

ఆ గుంపులోకి వచ్చిందే వాండా ఆర్కిడ్. ఆ పెద్దాయన దాని పిల్లమొక్క ఒకటి ఇచ్చారు. తల్లిమొక్క కాండం మీద పుట్టే పిల్లమొక్కని కేకీ అంటారు, హవాయి భాషలో పిల్ల అని అర్థమట. వాండా పెరగడానికి మట్టే అక్కర్లేదు. చెక్కబుట్టలో పెట్టి వేలాడదీస్తే వేళ్లు గాలిలోనే సాగుతాయి. ఎండిన వేరు వెండిరంగులో ఉంటుంది, ఎందుకంటే దాని చుట్టూ స్పాంజిలాంటి పొర ఉంటుంది. నీళ్లలో ముంచితే ఆ పొర తడిసి లోపలి పచ్చదనం బయటికి కనిపిస్తుంది. పచ్చబడేదాకా ముంచాలి, మళ్లీ వెండిరంగుకి వచ్చేదాకా ఆగాలి. బ్యాట్ ఫ్లవర్ వేళ్లు మట్టిలో దాచుకున్న రహస్యాన్ని వాండా బయటపెట్టుకుని తిరుగుతుంది. మొదటే వాండా పెంచి ఉంటే ఆ దుంప చచ్చేది కాదేమో. అన్నట్టు, ఆర్కిడ్లు కొనేవాళ్లు అడవినుంచి పీకి తెచ్చినవి కాకుండా నర్సరీలో పెంచినవే అడిగి తీసుకోండి. ఆర్కిడ్ కుటుంబం మొత్తం సైటీస్ కింద ఉంది, అంటే ముప్పులో ఉన్న మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం. దేశం దాటించాలంటే పర్మిట్ కావాలి.

మొదటి చలికాలం నన్ను బాగా టెన్షన్ పెట్టింది. రెండు మొక్కలూ కదలకుండా ఆగిపోయాయి. కొత్త ఆకు లేదు, పాత ఆకు ఒకటి పసుపు తిరిగింది. ఆకలేస్తోందేమో అని పెద్ద మొక్కకి ఎరువు నీళ్లు పోశాను, పెట్టె మీద రాసిన మోతాదులో సగమే. చలిలో నిద్రపోయే మొక్కకి ఆ సగం కూడా ఎక్కువే. వాడుకోని ఎరువు ఉప్పై వేళ్లని కాల్చింది. రెండు వారాల్లో పెద్దది పోయింది. ఎరువు వేయడం మర్చిపోయిన చిన్నది బతికింది. నేను మర్చిపోవడం వల్ల ఒక మొక్క బతకడం అదే మొదటిసారి.

ఈ మధ్యలో జేడ్ వైన్ పిచ్చి కూడా పట్టింది. ఇది ఫిలిప్పీన్స్ అడవుల తీగ, చిక్కుడు కుటుంబం. 1840ల మొదట్లో ఒక అమెరికన్ నౌకా యాత్ర బృందం లుజాన్ దీవిలోని మకిలింగ్ కొండ దగ్గర దీన్ని చూసింది. 1854లో ఆసా గ్రే అనే వృక్షశాస్త్రవేత్త పేరు పెట్టాడు. దీని పూల రంగుని మాటల్లో పెట్టడం కష్టం. సముద్రపు పచ్చలో పాలు కలిపినట్టు, పక్షిగోరులా వంగిన పూలు గుత్తులుగా వేలాడతాయి. మాల్విన్ అనే ఎరుపు-ఊదా వర్ణకం, సపోనరిన్ అనే లేత పసుపు పదార్థం కలిసి, కొంచెం క్షారగుణం ఉన్న కణరసంలో ఈ రంగు పుట్టిస్తాయట. అడవిలో గబ్బిలాలు తలకిందులుగా వేలాడి దీని తేనె తాగుతాయి, పరాగసంపర్కం వాటి పనే. మా ఇంట్లో ఒకటి గబ్బిలంలా కనిపించే పువ్వు, ఇంకొకటి గబ్బిలాల కోసం పూసే పువ్వు. ఇంటికి ఎవరైనా వస్తే ఈ మాట చెప్పకుండా పంపను.

గింజలతో రెండుసార్లు ఓడిపోయాను. జేడ్ వైన్ గింజ ఎండితే పనికిరాదు, కాయలోంచి తీసిన కొద్ది రోజుల్లోనే నాటాలి. నాకు వచ్చినవి ఎప్పుడు తీసినవో ఏమో, నీళ్లలో వేస్తే మెత్తబడి విడిపోయాయి. చివరికి అంటుకట్టిన మొక్క తెచ్చాను. మొదటి కొత్త ఆకులు గులాబీ-రాగి రంగులో వాలిపోయి వస్తే తెగులనుకుని తుంచేశాను. లేతాకు రంగే అది! వేళ్లకి నీడ, చల్లదనం కావాలి, తలకి వెలుగు కావాలి, పాకడానికి గట్టి పందిరి కావాలి, 15 డిగ్రీల కంటే కిందికి దిగితే ముడుచుకుంటుంది. ఇవన్నీ అమర్చాక ఒక ఏడాది తీగ బాగా సాగింది. ఒకసారి వేలంత మొగ్గగుత్తి కూడా వేసింది. సరిగ్గా ఆ వారమే నాలుగు రోజులు ఊరెళ్లాల్సి వచ్చింది. పందిరి ఎక్కిన తీగ కుండీని ఎత్తి చూడటం నాకే కష్టం, పక్కింటివాళ్లకి చెప్పడం ఇంకా కష్టం. వచ్చేసరికి మట్టి బిగుసుకుపోయి, మొగ్గలన్నీ నేల మీద ఉన్నాయి.

మూడో ఏడు వేసవి చివర్లో, మిగిలిన ఆ ఒక్క బ్యాట్ ఫ్లవర్ మధ్యలోంచి చుట్టుకున్న ముదురు మొన ఒకటి లేచింది. ఆకు అనుకున్నాను. ఆకైతే పచ్చగా రావాలి, ఇది నల్లగా వస్తోంది. కాడ రోజుకో అంగుళం చొప్పున పెరిగింది. పదో రోజు ఆ మొన రెండుగా విచ్చుకుని రెక్కల్లా నిలబడింది. సన్నటి మీసాలు ముడి విప్పుకున్నట్టు ఒక్కొక్కటే కిందికి జారాయి. కొలిచాను, పొడవైనది 27 సెంటీమీటర్లు.

నిజానికి ఆ రెక్కలు పూరేకులు కావు. కాగితంపూలలో రంగుగా కనిపించేవి ఎలా ఆకులో, ఇవీ అలాంటివే. పుచ్ఛాలంటారు. మీసాలు కూడా అలాంటివే, సన్నగా సాగినవి. అసలు పూలు మధ్యలో గుత్తిగా తలలు వంచుకుని, బొత్తాల్లా చిన్నచిన్నగా ఉన్నాయి. రోజుకి ఒకటో రెండో విచ్చుకున్నాయి. ముక్కు దగ్గర పెట్టి వాసన చూశాను, నాకేమీ తెలియలేదు.

అమ్మ ఆ మూలవైపు వెళ్లడం మానేసింది. "అది నన్నే చూస్తున్నట్టుందే" అంది. రెండు రోజులకి తనే కుర్చీ లాక్కుని దాని ముందు కూర్చుని, "ఈ మీసాలు దేనికే?" అని అడిగింది.

మంచి ప్రశ్న. ఈగల్లాంటి పురుగుల్ని రప్పించడానికేనని చాలామంది అనుకునేవారు. కానీ దక్షిణ చైనాలోని యున్నాన్ అడవుల్లోని మొక్కల మీద 2005లో వచ్చిన ఒక పరిశోధనలో, పురుగులు వచ్చేది చాలా అరుదని, పువ్వు ఎక్కువగా తనకి తానే పరాగసంపర్కం చేసుకుంటుందని తేలింది. అంత అలంకారం పెట్టుకుని ఎవరి కోసమూ ఎదురుచూడదన్నమాట. ఇది తెలియక నేను పెయింటింగ్ బ్రష్ పట్టుకుని వారం రోజులు ఆ చిన్న పూలలో తిప్పాను. బ్రష్ తాకని పూలకి కూడా కాయలు నిలిచాయి.

రెక్కలు మూడు వారాలకి పైగా నిలిచి, మెల్లగా గోధుమరంగుకి తిరిగాయి. కాయలు పండటానికి నెలలు పట్టింది. కణుపుల్లా గీతలున్న కాయలు నల్లబడి, నొక్కితే మెత్తగా తగిలాక కోశాను. గుజ్జు కడిగి గింజలు లెక్కపెట్టాను, నలభై రెండు. పన్నెండు ఆ పెద్దాయనకి ఇచ్చాను. కవరు తీసుకుంటూ, కుండీ ఎత్తి చూస్తున్నారా అని మళ్లీ అడిగారు. ఆ రోజు పొద్దున ఎత్తినప్పుడు ఎంత ఉందో గ్రాములతో సహా చెప్పాను.

మిగిలిన ముప్పై గింజలూ నానబెట్టి డబ్బాలో పెట్టేశాను. ఈసారి ఒక్కటి కూడా తవ్వలేదు. డబ్బా రౌటర్ పక్కన చేరి ఇవాళ్టికి యాభై మూడు రోజులు. నెట్ మళ్లీ నెమ్మదిగానే ఉంది.